ఏడు నిమిషాల మూడు ఇస్పేట్లు

ఆ రోజుల్లో జాబితా రాసుకోనిదే టూత్‌పేస్టు కొనడం కూడా నాకు చేతనయ్యేది కాదు. కొత్తగా ఇంజనీరింగు పాసైనవాణ్ణి కదా, లోకంలో ఉన్న ప్రతి చిక్కూ ‘లాభాలు’, ‘నష్టాలు’ అనే రెండు గళ్ళలో ఇమిడిపోతుందని గట్టి నమ్మకం. కొండపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రంలో ట్రైనీగా చేరి, ఉద్యోగుల కాలనీలో దిగాక, సాయంత్రాలు ఎలా గడపాలన్న విషయం మీద కూడా ఒక జాబితా వేశాను. షటిల్ (మోకాలు నొప్పి), టీవీ (రూమ్మేటు సీరియళ్ళ పిచ్చి), నడక (కుక్కలు) అన్నీ కొట్టేయగా చివరికి మిగిలింది క్లబ్బులో బ్రిడ్జి ఆట. పామర్రులో ఉన్న అమ్మకి ఫోన్లో చెబితే, “పేకాటా!” అని కెవ్వుమంది. “కాదమ్మా, ఇది తెలివితేటల ఆట, పందెం ఉండదు” అన్నాను. “పందెం లేకుండా పేకాడే వెర్రివాళ్ళు కూడా ఉంటారట్రా?” అంది. ఆ రెండో మాటలోనే భయం ఎక్కువ వినిపించింది.

తెలియనివాళ్ళ కోసం ఆట సంగతి కొంచెం చెప్పాలి. ఆడేది నలుగురు. ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు ఒక జట్టు. తలా పదమూడు ముక్కలు పంచుకున్నాక, ఎన్ని పట్లు తెస్తామో ముందే వేలంపాటలా పాడాలి (నలుగురూ తలో ముక్క వేస్తే, పెద్ద ముక్క వేసినవాడు గెలుచుకునేది ఒక పట్టు). రెండు అంటే ఎనిమిది పట్లు, మూడు అంటే తొమ్మిది, నాలుగు అంటే పది. ఇస్పేట్లలో నాలుగు పాడి, పదీ తెస్తే దాన్ని గేమ్ అంటారు, దానికి పెద్ద బహుమానం. ఒక్క పట్టు తగ్గినా పాయింట్లు అవతలివాళ్ళకి పోతాయి. మూడు పాడి పది తెచ్చినా గేమ్ ఇవ్వరు (అడగని ప్రమోషన్ ఎవరిస్తారు?). అసలు చిక్కేమిటంటే, మన జట్టువాడితో పాట ద్వారా తప్ప ఇంకే రకంగానూ మాట్లాడకూడదు. కనుబొమ్మ ఎగరేసినా దొంగాటే.

నా జట్టు ఫ్యాను గారు. ఆయన టర్బైన్ల విభాగంలో పెద్ద ఇంజనీరు. పన్నెండేళ్ళ కిందట ఒక ఆటలో పాట మధ్య దగ్గితే, అవతలి జట్టులో ఉన్న బొగ్గు విభాగం సారు, “ఆ దగ్గులో ఎన్ని ఆసులున్నాయండీ?” అన్నారట. అంతే. ఆ రోజునుంచి బల్ల దగ్గర ఆయన దగ్గలేదు. దగ్గొస్తే ముక్కలు బోర్లించి, వరండాలోకెళ్ళి దగ్గి వచ్చేవారు. పాట సాగినంతసేపూ ఎవరి మొహమూ చూడకుండా కళ్ళు సీలింగు ఫ్యాను మీదే ఉంచేవారు. పేరు అలా వచ్చింది. ఆయన జట్టువాడికి కంట్లో శుక్లం ఆపరేషన్ కావడంతో, ఆ ఏడాది క్లబ్బు పోటీకి నన్ను కూర్చోబెట్టుకున్నారు. ఆ నెలాఖరుకే ఆయన రిటైర్‌మెంటు. క్లబ్బు గోడకి ఒక చెక్క పలక ఉంది, గెలిచినవాళ్ళ పేర్లు ఏటా దానిమీద రాయిస్తారు. అందులో ఆయన పేరు ఒక్కసారీ లేదు. బొగ్గు సారు పేరు అయిదుసార్లుంది.

“నాకు కప్పు అక్కర్లేదయ్యా” అన్నారు ఫ్యాను గారు ముందు రోజు. “చెక్క మీద పేరు చాలు. కానీ ఆ బొగ్గాయన పేరు పక్కన మాత్రం వద్దు.”

సరిగ్గా ఆ ముప్పే వచ్చిపడింది. ఆదివారం మధ్యాహ్నం చివరి ఆట, చివరి పంపకం. ఎదురుజట్టు బొగ్గు సారు, ఆయన బావమరిది. మేం ఓ నూట యాభై పాయింట్లు వెనకబడి ఉన్నాం. మా క్లబ్బులో వందలోపు తేడాని తేడాగా లెక్కపెట్టరు, రెండు జట్ల పేర్లూ పక్కపక్కనే రాసేస్తారు. అంటే లెక్క ఇది: తక్కువ పాడి తెచ్చుకుంటే సమానం. గేమ్ పాడి తెస్తే గెలుపు. గేమ్ పాడి తప్పితే ఓటమి.

నేను ఒక ఇస్పేటు పాడాను. ఫ్యాను గారు రెండు ఇస్పేట్లు అన్నారు, అంటే కాస్త బలం ఉంది, మరీ ఎక్కువ లేదు అని. అవతలివాళ్ళిద్దరూ పాట పెంచకుండా ‘పాస్’ అనేశారు. ఇక నా వంతు. ఆసుకి నాలుగు, రాజుకి మూడు, రాణికి రెండు, జాకీకి ఒకటి లెక్కన చేతిలో పదిహేను పాయింట్లయితే ఆపేయాలి, పదిహేడైతే కళ్ళు మూసుకుని నాలుగు పాడాలి. నా చేతిలో పదహారు. మనసులో జాబితా మొదలుపెట్టాను. ఒకటి, ఇస్పేటు ఆసూ రాజూ నా దగ్గరే. రెండు, డైమండు రాజు ఉంది గానీ, ఆసు నా తర్వాత ఆడే బొగ్గు సారు దగ్గరుంటే ఆ రాజు ఉండీ లేనట్టే. మూడు, కళావరు జాకీ: పేరుకి ఒక పాయింటు, పెళ్ళిలో తోడిపెళ్ళికొడుకు లాంటిది, ఫోటోలో ఉంటాడు గానీ పనికి రాడు. నాలుగు...

“ఏమయ్యా, ట్రాన్స్‌ఫార్మర్ ఏమన్నా కొంటున్నావా?” అన్నారు బొగ్గు సారు. “టెండరు పిలవాలంటే చెప్పు, ఈలోపు మేం బెజవాడెళ్ళి సినిమా చూసొస్తాం.”

“ఒక్క నిమిషమండీ.”

“ఒక్క నిమిషం నాలుగు నిమిషాల కిందటే అయిపోయిందబ్బాయ్” అన్నారు బావమరిది, గడియారం చూసి.

బల్ల కింద వేళ్ళు లెక్కపెట్టాను. చెమట కారి కళ్ళద్దాలు జారాయి. ఫ్యాను గారి వంక చూస్తే ఆయన గడ్డం తప్ప ఏమీ కనబడలేదు. పదకొండు అంశాలూ పూర్తయ్యేసరికి లాభాలు అయిదున్నర, నష్టాలు అయిదున్నర తేలాయి. అప్పుడు ప్రతి ట్రైనీ చేసే పనే చేశాను: ఫైలు పైకి పంపాను. “మూడు ఇస్పేట్లు.” అంటే, నాకు తేలడం లేదు, మీ దగ్గర కాస్త మెరుగ్గా ఉంటే మీరే నాలుగు అనండి అని. అప్పటికి ఏడు నిమిషాలైంది.

ఫ్యాను గారు ఫ్యానునే చూస్తూ, “పాస్” అన్నారు.

పాట దక్కినవాడి జట్టువాడు చెయ్యి చూపించాలన్న నియమం ప్రకారం ఆయన తన ముక్కలు బల్ల మీద పరిచారు. మెరుగ్గానే ఉన్నాయి. ఆడాను. డైమండు ఆసు బావమరిది దగ్గర, అంటే నాకు కావలసిన చోటే ఉంది. పది పట్లు వచ్చాయి. పాడింది తొమ్మిదికి. సమానం.

బొగ్గు సారు ఆ పరిచిన ముక్కల్ని వేలితో కదిపారు. “ఏవండీ, వీటితో పాస్ అన్నారేంటండీ? నాలుగు పాడొచ్చుగా?”

“పాడొచ్చు” అన్నారు ఫ్యాను గారు. “అటూ ఇటూ కాని చెయ్యి. మావాడు టక్కున మూడు అనుంటే పాడేవాణ్ణే. ఏడు నిమిషాలు తన్నుకున్నాడు. అంటే మనసు నాలుగు మీదుందని నాకు తెలిసిపోయింది. పాట విని తెలుసుకోవడం వేరు, కుర్రాడి ఆలస్యాన్ని బట్టి తెలుసుకోవడం వేరు. తెలిశాక ఎలా పాడతానండీ?”

నా జాబితాలో పదకొండు అంశాలున్నాయి. నేను ఆలోచించడం కూడా అందరికీ కనబడుతుందన్న పన్నెండోది అందులో లేదు.

బొగ్గు సారు ముక్కలన్నీ పోగుచేసి, అవసరం లేకపోయినా కలపడం మొదలుపెట్టారు. రెండుసార్లు కలిపారు. మూడోసారి కలుపుతూ, తల ఎత్తకుండా అన్నారు: “ఆ రోజు మీకు నిజంగానే దగ్గొచ్చిందేమోనండీ.”

“పన్నెండేళ్ళనుంచీ నేను మొత్తుకుంటోంది అదేగా!” అన్నారు ఫ్యాను గారు. ఆ తర్వాత దగ్గారు. వరండాలోకి వెళ్ళకుండా, అక్కడే, బల్ల దగ్గరే, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా దగ్గారు. బొగ్గు సారు తన మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకి జరిపారు.

పేర్లు పక్కపక్కనే రాయించారు. రిటైరయ్యాక ఫ్యాను గారు భవానీపురంలో ఇల్లు తీసుకున్నారు. ఇప్పుడు ఆదివారాలు ఆయనా బొగ్గు సారూ ఒకే జట్టట, ఎదుటివాళ్ళ మీద దగ్గు లేకుండానే గెలుస్తున్నారట. “మీ పేరు ఆయన పక్కన వచ్చేలా చేశాను, క్షమించండి సార్” అని ఒకసారి అంటే, “నువ్వు త్వరగా ఆలోచించేవాడివైతే నాకు కప్పొచ్చేదయ్యా, అంతే” అన్నారు.

మొన్న క్లబ్బులో కొత్త ట్రైనీ ఒకడు నా ఎదురుగా కూర్చుని, పదహారు పాయింట్ల మొహం పెట్టుకుని, బల్ల కింద వేళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. వాడి పెదవుల కదలికని బట్టి నాలుగో అంశంలో ఉన్నాడని నాకు అర్థమైపోయింది. అర్థం కాకూడదు కదా! చటుక్కున తల పైకెత్తి ఫ్యాను వంక చూశాను. దానికి మూడు రెక్కలే. లెక్కపెట్టడానికి ఏడు నిమిషాలు పట్టింది.