ముందు మంట, వెనక ఐసు

మా వదిన ఆడవాళ్ళ బట్టలు కుడుతుంది. పొద్దున్నించి సాయంత్రం దాకా మిషను ముందే ఉంటుంది, మధ్యలో ఖాళీ దొరికితే అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చిన ప్రేమ నవల ముందు. చలికాలం ప్రేమలైతేనే చదువుతుంది. బయట మంచు కురవాలి, లోపల గోడలో ఫైర్‌ప్లేస్ మండాలి, హీరో అందులో ఓ కట్టె వేసి మనసులో మాట చెప్పాలి. మా ఊళ్ళో చలికాలమంటే ఫ్యాను అయిదు నుంచి నాలుక్కి తిప్పడం. అయినా ఆవిడ నమ్మకం ఆవిడది.

"చూడు, ఇన్ని పుస్తకాలు చదివాను. మంట లేకుండా ఒక్క మగాడూ నోరు విప్పలేదు," అంది ఎండాకాలంలో ఓ రోజు నాతో, పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే. "మీ అన్నయ్య తప్పేం లేదు. మన ఇంటిదే తప్పు."

మా అన్నయ్య ఐసు ఫ్యాక్టరీలో మెకానిక్కు. రోజంతా కంప్రెషర్ల మోతలో ఉండి ఉండి మాట్లాడ్డం మర్చిపోయాడని నా అనుమానం. భోజనం దగ్గర ఒకసారి 'ఊ' అంటే బాగుందని, రెండుసార్లు 'ఊ' అంటే ఇంకాస్త వడ్డించమని. అంతకుమించి మాట రాలడం నేనైతే ఎరగను.

"ఏమండీ, హాల్లో ఫైర్‌ప్లేస్ కట్టిద్దాం," అంది వదిన.

అన్నయ్య తలెత్తి తిరుగుతున్న ఫ్యాను వంక చూశాడు. "ఊ," అన్నాడు.

అది సరేనో, విన్నాననో మాకు అర్థం కాలేదు. మర్నాడు మేస్త్రి ఇటుకలతో దిగేసరికి సరేనని తేలింది.

ఆ మేస్త్రి బేకరీలకి బట్టీలు కట్టేవాడు. మా ఊళ్ళో గోడలో నిప్పు పెట్టడం తెలిసినవాడు ఆయనొక్కడే మరి.

"ఎన్ని రొట్టెలు పట్టాలమ్మా?" అనడిగాడు, గోడ కొలుస్తూ.

"రొట్టెలు కాదు మేస్త్రీ. మేమిద్దరం ఎదురుగా కూర్చోవాలి."

"కూర్చుని?"

"కూర్చోవడమే."

మేస్త్రి నా వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండమ్మా."

"కట్టేసెయ్ మేస్త్రీ. మా వదిన పట్టు పడితే గోడే పక్కకి జరగాలి," అన్నాను.

పాపం, మనసు పెట్టి కట్టాడు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. ఆయన చేతికి తెలిసిన పని రొట్టెలు కాల్చడం. అన్నయ్యకి సెలవు దొరికిన మధ్యాహ్నం మొదటిసారి వెలిగించాం. పొగ బుద్ధిగా గొట్టంలోంచి పైకి పోయింది కానీ, వేడంతా హాల్లోకే వచ్చింది. అలమరలో కొవ్వొత్తి నడుం వంచి దణ్ణం పెట్టింది. వదిన గుండీల డబ్బా కరిగి, లోపలున్నవన్నీ కలిసి ఒక్క పెద్ద గుండీ అయ్యాయి. నవలల్లో హీరోయిన్‌కి శాలువా ఉంటుంది కాబట్టి వదిన శాలువా కప్పుకుని కూర్చుంది. అన్నయ్య బనీను పిండితే చెంబెడు నీళ్ళొచ్చేలా ఉంది.

"చెప్పండి," అంది వదిన.

"ఏం చెప్పను?"

"ఈ మంట చూస్తుంటే మీకేమనిపిస్తోందో చెప్పండి."

అన్నయ్య నిజాయితీగా ఆలోచించాడు. "ఆర్పేద్దామనిపిస్తోంది."

వదిన మొహం తుడుచుకుంది. అది చెమటో ఏడుపో గుమ్మం దగ్గర నిలబడ్డ నాకు తెలియలేదు. అన్నయ్యకి తెలిసినట్టుంది. లేచి నిప్పు ఆర్పాడు. ఆ వారమంతా భోజనం దగ్గర 'ఊ' కూడా వినపడలేదు.

మళ్ళీ సెలవొచ్చింది. అన్నయ్య రిక్షా బండి మీద ఐసు దిమ్మలు వేయించుకుని వచ్చాడు. అంచులు విరిగి అమ్మకానికి పనికిరాని దిమ్మలు, ఓనర్ని అడిగి తెచ్చాడట. రంపపు పొట్టు దులిపి, కుర్చీల వెనక ఒకదానిమీద ఒకటి గోడలా పేర్చాడు.

"ఏంటండీ ఇదంతా?" అంది వదిన.

"చలికాలం," అన్నాడు అన్నయ్య.

పొయ్యి వెలిగించి ఇద్దరూ కూర్చున్నారు. ముందు మంట, వెనక ఐసు. మొహం మాడుతుంటే వీపు కొంకర్లు పోయేది. కాసేపటికొకసారి ఇద్దరూ లేచి, పెనం మీద రొట్టె తిరగేసినట్టు కుర్చీలు తిప్పుకుని కూర్చునేవాళ్ళు. నేను కట్టెలు అందిస్తున్నాను.

"ఇప్పుడు చెప్పండి," అంది వదిన, పళ్ళు టకటకలాడుతుంటే.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "కంప్రెషర్ మోత కాస్త మారినా నాకు నిద్దట్లో తెలిసిపోతుంది."

"ఊఁ?"

"నీ మిషను చప్పుడు కూడా అంతే. అది ఆగితే ముద్ద దిగదు నాకు. నీకేమైందోనని."

"ఏ పుస్తకంలోనూ కంప్రెషర్ లేదండీ," అంది వదిన. కానీ కుర్చీ మాత్రం అన్నయ్య వైపు జరుపుకుంది.

అప్పుడే తలుపు దబదబా మోగింది. పక్కింటి డ్రిల్లు మాస్టారు, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చేతిలో ఈలతో వచ్చారు. రిటైరైనా ఈల వదల్లేదాయన.

"మీ ఇంట్లోంచి మా ఇంట్లోకి ఏరు పారుతోంది!" అని అరిచి, లోపలికి చూసి నోరు తెరిచేశారు. నడి ఎండలో గోడలో మంట, కుర్చీల వెనక ఐసు కొండ, మధ్యలో ఒకే శాలువాలో మొగుడూ పెళ్ళాం. "ఎవరికి జ్వరం?" అన్నారు మెల్లగా.

"జ్వరం కాదు మాస్టారూ, ప్రేమ," అన్నాను నేను, ఇంకేం చెప్పాలో తోచక.

ఆయన వెళ్ళిపోయారు. తిట్టుకుంటూ పోయారనుకున్నాం. కాసేపటికి భార్యని వెంటబెట్టుకుని, సొంత దుప్పటితో వచ్చారు. ఆ పెద్దావిడ పొయ్యిని ఎగాదిగా చూసి, "మంట రోజూ చూసేదేగా. ఐసు వైపు తిప్పండి," అంది. మాస్టారు ఈల ఊదారు. నాలుగు కుర్చీలూ ఒక్కసారి తిరిగాయి. పొయ్యికి వీపులు పెట్టి, ఆఖరి దిమ్మ కరిగేదాకా అలాగే కూర్చున్నారు. నేను చీపురుతో నీళ్ళు వీధిలోకి తోస్తూనే ఉన్నాను.

మర్నాడు నలుగురికీ ముక్కులు దిబ్బడేశాయి. క్లినిక్కులో అన్నయ్యనీ వదిననీ చూసి డాక్టరు కళ్ళజోడు తీసేశాడు. "ఊరంతా వడదెబ్బతో వస్తున్నారు. మీకీ జలుబెలా పట్టిందయ్యా?"

వదిన నోరు తెరిచేలోపే అన్నయ్య అందుకున్నాడు. "మా ఆవిడ పక్కన కూర్చున్నానండి," అన్నాడు, ఓపీలో ఉన్న జనమంతా వినేట్టు.

వదిన మొహం ఎర్రబడింది. దగ్గరలో మంటేమీ లేదు. డాక్టరు జ్వరమేమోనని నోట్లో థర్మామీటరు పెట్టాడు. అది తీసేదాకా వదిన నవ్వు ఆపుకోలేక నానా అవస్థా పడింది.