ఎర్ర రిబ్బను

మొదటి రోజు ఏడ్చే పిల్లల గురించి రాహేలుకు ఏ బెంగా ఉండదు. వాళ్లు గేటు పట్టుకుని వేలాడతారు, చొక్కాలు తడుపుకుంటారు, చివరికి ఒక బిస్కెట్టు ముక్కకు లొంగిపోతారు. ఏడవని పిల్ల కనిపిస్తేనే ఆమె గుండెల్లో రాయి పడుతుంది. ఆ జూన్ పొద్దున దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో ఉన్న చిన్న బడికి అలాంటి పిల్ల ఒకతి వచ్చింది. పేరు శ్రీహిత. తాత వేలు వదిలేసి, వెనక్కి తిరిగి కూడా చూడకుండా ఎల్‌కేజీ గదిలోకి నడిచిపోయింది.

"మా పిల్ల మస్తు నెమ్మది. ఎవరేం చెప్పినా ఇంటది," అన్నాడు తాత జగన్నాథం. తరతరాలుగా ఒకే గుడిలో పూజ చేస్తున్న ఇంటివాడు. "మధ్యాహ్నం నైవేద్యం అయినంక నేనే వచ్చి తీస్కపోత. ఇంకెవ్వరితోని పంపకమ్మా."

"ఫికర్ జెయ్యకుండ్రి అయ్యగారు. ఇన్నేండ్లల్ల నా చేతులకెల్లి ఒక్క పిల్ల గూడ తప్పిపోలె," అంది రాహేలు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. తన దిష్టి తనకే తగులుతుందంటారు, ఊరికే అనరు.

రాహేలు భర్త రైలు పట్టాల మీద పనిచేసేవాడు. ఆయన జ్వరంతో పోయాక ఆమె క్వార్టరు ఖాళీ చేసి, మలక్‌పేటలో ఒంటి గది అద్దెకు తీసుకుని, ఈ బడిలో ఆయాగా చేరింది. సొంత పిల్లలు లేరు. అయితేనేం, ఆ చుట్టుపక్కల ఆమె ముక్కు తుడవని పిల్ల లేదు. మీసాలొచ్చిన కుర్రాళ్లు కూడా ఇప్పటికీ బండి ఆపి "ఆయమ్మా, బాగున్నవా" అని అడుగుతారు. అలా ఎవరైనా అడిగిన రోజు ఆమె రెండు ముద్దలు ఎక్కువ తింటుంది.

బడిలో ఐడీ కార్డులు చేతికొచ్చేసరికి బోనాలు దాటిపోతాయి. అప్పటిదాకా పిల్లల్ని ఇళ్లకు చేర్చేవి రాహేలు రిబ్బన్లే. కిషన్‌బాగ్ పోయే ఎల్లప్ప ఆటో పిల్లల మణికట్టుకు ఎర్ర రిబ్బను కడుతుంది, మలక్‌పేట వ్యాను పిల్లలకు నీలం. ఇంటివాళ్లు వచ్చి తీసుకుపోయే పిల్లలకు ఏమీ కట్టదు, వాళ్లు మెట్ల కింద బల్ల మీద కూర్చోవాలి. ఆ వయసు పిల్లల్ని పేరడిగితే ఒకరు "చిన్ని" అంటారు, ఒకరు "బంగారం" అంటారు. రిబ్బను మాత్రం అబద్ధమాడదని ఆమె నమ్మకం.

ఆ రోజు ఎర్ర రిబ్బను పిల్లల్లో సుజన ఒకతి. వాళ్లమ్మ రాజమణి ఫంక్షన్ హాల్లో గిన్నెలు తోముతుంది. పొద్దున ఆటో ఎక్కినప్పటినుంచీ ఆ పిల్ల ఏడుస్తూనే ఉంది. శ్రీహిత వెళ్లి దాని పక్కన కూర్చుంది. కాసేపు ఏడుపు చూసింది, తరువాత రిబ్బను చూసింది.

"నాకిస్తవా?"

సుజన ఎక్కిళ్లు ఆపి చెయ్యి చాపింది. బక్క చెయ్యి, ముడి విప్పకుండానే రిబ్బను జారి వచ్చింది. శ్రీహిత దాన్ని తన చేతికి ఎక్కించుకుని, తన గులాబి గాజు తీసి సుజనకు తొడిగింది. టీచరు బోర్డు వైపు తిరిగి ఉంది, రాహేలు ఇంకెవరి నిక్కరో మారుస్తోంది. నీళ్లు తాగించడానికి వచ్చేసరికి ఇద్దరూ ఒకే బిస్కెట్టు కొరుక్కుంటూ నవ్వుతున్నారు.

"అరె, అప్పుడే దోస్తులైన్రా?" అని రాహేలు మురిసిపోయింది. పొద్దుటి నుంచి ఉన్న భయం తీరిపోయినట్టే అనిపించింది.

బడి విడిచే వేళకు ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. గల్లీలో ఆటోల హారన్లు, నీళ్లు, తోపులాట. రాహేలు నెత్తిన ప్లాస్టిక్ కవరు కప్పుకుని పిల్లల్ని ఒక్కొక్కరినీ ఎత్తి బండ్లలో వేసింది. ముఖాలు చూసే తీరికెక్కడిది? మణికట్టు చూసింది, ఎర్రగా ఉంటే ఎల్లప్ప ఆటోలో వేసింది, ఏమీ లేకుంటే బల్ల మీద కూర్చోబెట్టింది.

జగన్నాథం తడిసిన పంచెతో వచ్చేసరికి బల్ల మీద ఒక్కటే పిల్ల ఉంది. అది సుజన. దాని చేతికి గులాబి గాజు.

"మా శ్రీహిత ఏదమ్మా?"

రాహేలు ఆ గాజు వైపు చూసింది. వెంటనే ఎల్లప్పకు ఫోన్ కలిపింది. చాలాసేపటికి ఎత్తాడు.

"అందర్ని దించేసిన రాహేలక్కా. రాజమణి వాళ్ల గల్లి మొకాన ఒకామె గొడుగు పట్కొని నిలబడ్డది. చెయ్యి చాపింది, పిల్లనిచ్చిన. ఏందక్కా, ఏమైంది?"

రాజమణికి చేసింది. "మా ఇంట్లకెల్లి ఎవ్వరు పోలె అక్కా! పిల్లను తీస్కరావాల్సిన మా అత్త వానకు ఆగింది, ఇంక బయల్దేరలె. ఆ గొడుగామె ఎవరు?"

ఎవరో చెప్పేవాళ్లు లేరు. సుజనను ఒళ్లో వేసుకుని, జగన్నాథంతో కలిసి దొరికిన ఆటో ఎక్కింది రాహేలు. దారిలో నీళ్లు నిలిచి బండ్లు కదల్లేదు. మూసీ మట్టి రంగులో ఉబ్బి పోతోంది, అటు చూడకూడదనుకుంటూనే చూసింది. జగన్నాథం పెదవులు ఏదో జపిస్తున్నాయి. ఆ జపం ఆగినప్పుడల్లా ఆమె ఆయన ముఖం వైపు చూస్తోంది. లోపల ప్రభువును పిలుస్తూ, పైకి మాత్రం ఒకటే మాట. "పిల్లలు మార్చుకున్రు అయ్యగారు. వాళ్లే మార్చుకున్రు. నేనేం జేతు?"

"నా దోస్తు ఏది?" అని సుజన అడుగుతూనే ఉంది.

రాజమణి వాళ్ల గల్లీ మొదట్లో గొడుగూ లేదు, మనిషీ లేదు. రాహేలు తలుపు తలుపూ కొట్టింది. నాలుగిళ్లు దాటాక పిండిగిర్నీలో, గోనె సంచి మీద, జుట్టంతా పిండి రాలి, శ్రీహిత బుద్ధిగా కూర్చుని ఉంది.

"నా మనుమడి కోసం గొడుగు పట్కొని నిలబడ్డ, ఆటోవాడు ఈ పిల్లను చేతిల పెట్టి పోయిండు," అంది గిర్నీ నడిపే యశోద. "ఇల్లేది అంటే చెప్పదు. రమ్మంటే వచ్చింది. ఎవరు పిలిచినా పోతుండె తల్లీ, ఇంకెవరి చేతిల పడ్డా ఏమయ్యేదో."

జగన్నాథం మనవరాలిని గుండెకు హత్తుకుని, తడి గడప మీదే కూలబడి ఏడ్చాడు. రాహేలు పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అది నీ ఆటో కాదని చెప్పద్దా బిడ్డా? తాత వస్తడని ఎందుకు చెప్పలె?"

శ్రీహిత ఆమె ముఖంలోకి నిదానంగా చూసింది.

"నువ్వే గదా ఎత్తి ఎక్కిచ్చినవ్."

జగన్నాథం తలెత్తి రాహేలు వైపు చూశాడు. దారి పొడుగునా చెప్పిన మాట ఆమె మళ్లీ చెప్పలేకపోయింది.