సదయ్య మాట, సారవ్వ మీటింగు

కమాన్‌పూర్ సదయ్య పద్నాలుగేళ్లు వాయుసేనలో విమానం నడిపాడు. బాంబులు వేసేది కాదు. మంచుకొండల్లో ఉన్న జవాన్లకు బియ్యం, ఉల్లిగడ్డలు మోసుకెళ్లేది. రేడియోలో నాలుగు మాటలకు మించి మాట్లాడితే పైవాళ్లు కసురుకునేవారు. ఆ అలవాటు నాలుకకు అంటుకుపోయింది. పెళ్లిచూపుల్లో కూడా "సరే" అని ఒక్క మాటే అన్నాడట.

పంతొమ్మిది వందల డెబ్భైలో కొలువు వదిలి వచ్చేసరికి గోదావరిఖని బొగ్గుగని కార్మికుల ఇళ్ల లైన్లలో నూరిళ్లకు ఒకటే నల్లా. బిందెల కొట్లాటలో తలలు పగులుతున్నాయి. మిలిట్రీవాడి మాటకు తిరుగుండదని జనం పట్టుబట్టడంతో డెబ్భైరెండు ఎన్నికల్లో నిలబడ్డాడు. గుర్తుగా విమానం అడిగితే ఒంటె దొరికింది.

మొదటి సభకు రామగిరి నుంచి కూడా సద్దులు కట్టుకుని వచ్చారు. సదయ్య మైకు ముందు నిటారుగా నిలబడ్డాడు.

"నీళ్లు లేవు. నల్లాలు తెస్త. ఓటెయ్యిండ్రి," అని వెళ్లి కూర్చున్నాడు.

మైకుసెట్టు దస్తగిర్ పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, టెస్టింగ్ అయింది గదా. మరి స్పీచెప్పుడు?"

"అయిపోయింది."

"గట్లయితే జనం నన్ను తంతరు. మైకు ఖరాబ్ చేసిన్నంటరు."

సదయ్యకు చెమటలు పట్టాయి. గాలిదుమారంలో ఒక ఇంజను ఆగిపోయినప్పుడు కూడా అంత భయపడలేదు. మళ్లీ లేచి, ఏం చెప్పాలో తోచక, "చెప్పింది విన్నరా?" అని అడిగాడు. విన్నామన్నారు. మళ్లీ కూర్చున్నాడు.

ముందు వరుసలో ఉన్న తల్లి సారవ్వకు తల కొట్టేసినట్టయింది. కొంగు బిగించి వేదిక ఎక్కింది.

"వీడు చిన్నప్పుడు రెండు చేటలు రెక్కల లెక్క చేతులకు కట్టుకొని కొట్టం మీదికెల్లి దునికిండు. పెంటకుప్ప మీద పడ్డడు గాబట్టి బతికిండు," అని మొదలుపెట్టింది.

గంటసేపు చెప్పింది. ఏడేళ్లొచ్చేదాకా కొడుకు పక్క తడిపిన సంగతి కూడా వదల్లేదు.

"అవ్వా, ఇగ సాలు," అని సదయ్య కొంగు లాగాడు.

"నువ్వు గూసో. నీ వంతు అయిపాయె."

ఒంటె అంటే ఏందని ఎవరో అడిగారు.

"మెడ పొడుగు బర్రె. దాని మీద గుద్దుండ్రి," అంది సారవ్వ.

ఆ తర్వాత ప్రతి ఊరూ ఆమెనే పిలిచింది. సదయ్య జీపు నడిపాడు. గెలిచాడు.

అసెంబ్లీలో అతని తొలి ప్రసంగం అర నిమిషం. కునుకు తీస్తున్న మంత్రి, మాటలు చప్పున ఆగేసరికి ఉలిక్కిపడి లేచి, అడిగిందేమిటో తెలియక "తప్పకుండా చేయిద్దాం" అన్నాడు. అన్న మాట రికార్డుకెక్కింది. ఆర్నెల్లకు లైన్లలో పదకొండు నల్లాలు పడ్డాయి.

డెబ్భైఎనిమిది ఎన్నికలప్పుడు సారవ్వ మనుమరాలి కాన్పుకని బెల్లంపల్లిలో ఉండిపోయింది. సదయ్య తనే మాట్లాడాడు. ఓడిపోయాడు.

మర్నాడే ఊళ్లో తన మిరప చేనుకు పోయాడు. గోదావరిఖని ఆడవాళ్లు పదిహేను మంది అక్కడికే వెతుక్కుంటూ వచ్చి, ఓదార్చడానికి గట్టు మీద వరుసగా నిలబడ్డారు. సదయ్య అందరి మొహాలూ చూసి, చేతికో గంప ఇచ్చాడు.

పొద్దుగూకేసరికి సగం చేను ఏరడం అయిపోయింది.