బావగారూ, ఆ వానకోట్ల సంగతి

నిన్న పొద్దున్నే మా ఆయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మంచం మీద కూలబడిపోయారు.

వాళ్ళ అన్నయ్య పోయారు. మా వెంకటరత్నం బావగారు. స్నానానికి నీళ్ళు పెట్టమని చెప్పి కుర్చీలో కూర్చున్న మనిషి, మా తోడికోడలు అక్క నీళ్ళు తోడి వచ్చేసరికి లేరు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. మొన్న సాయంత్రం కూడా ఫోన్‌లో నన్ను కసిరారు.

నిన్నటి నుంచి ఫ్యామిలీ గ్రూప్ నిండా పూలు, దీపాలు, బంగారం లాంటి మనిషి అనే మెసేజ్‌లు. రాసినవాళ్ళలో ఒక్కరైనా నరసాపురంలో ఆయన కుట్టుమిషన్ల షెడ్డులో ఒక్కపూట కూర్చున్నారా?

నేను ఎనిమిదేళ్ళు కూర్చున్నాను. నాకు పూలు పెట్టాలని లేదు.

అక్కా, నువ్వు ఇది చదువుతావని తెలుసు. కోపం వస్తే రానీ.

ఆయనకి రావాల్సిన మెప్పు ముందే ఇచ్చేస్తాను. ఆ వానకోటు పూర్తిగా ఆయన బుర్రలోంచే వచ్చింది.

సముద్రంలో చేపల వేటకి వెళ్ళేవాళ్ళ పాత రెయిన్‌కోట్లు ఎంత మందమంటే, వాన కన్నా లోపలి చెమటకే మనిషి తడిసిపోయేవాడు. బటన్లు వలకి పట్టేసేవి. బావగారు నెల రోజులు పడవలెక్కి తిరిగి, వల లాగేటప్పుడు చెయ్యి ఎంత పైకి లేస్తుందో టేపుతో కొలుచుకొచ్చారు. బటన్లు తీసేశారు. జేబులు తీసేశారు. చంకలో అదనంగా ఒక ముక్క వేశారు. పల్చటి వాటర్‌ప్రూఫ్ గుడ్డ తెప్పించారు. మడిస్తే క్యారేజీ గిన్నెలో పట్టేసేది.

రెండేళ్ళ క్రితం, వేట నిషేధం ఇంకో తొమ్మిది రోజుల్లో అయిపోతుందనగా పడవల వాళ్ళు వచ్చి నూట అరవై కావాలన్నారు. మమ్మల్ని ఒక్క మాట అడక్కుండా ఈయన సరే అనేశారు.

మేం పదకొండు మందిమి. అందరం లేసు అల్లి, ఆ తర్వాత మిషన్ నేర్చుకున్నవాళ్ళమే. చేతులు ఒకరు, టోపీ ఒకరు, మెడ ఒకరు.

ఆయన ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మా వెనకాలే నిలబడేవారు. బాత్రూమ్‌కి వెళ్ళినా అది ఆగేది కాదు. ఎవరైనా మంచినీళ్ళకి లేస్తే, దాహం ఎక్కువైందా అండి అనేవారు. ఆ "అండి" చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలేది.

నాలుగో రోజు మధ్యాహ్నానికి నలభై తయారయ్యాయి. ఒక కోటు తీసి, చేతి మూతి బిగించి కట్టి, దాన్నిండా నీళ్ళు పోసి దండేనికి వేలాడదీశారు.

కుట్టు దగ్గర చుక్క రాలేదు. అక్కడ లోపలివైపు నీళ్ళు దూరని టేపు పెట్టి వేడితో అతికిస్తాం. కానీ టేపుకి అవతల, వేలెడు దూరంలో, వరుసగా నీళ్ళు ఊరుతున్నాయి.

అవి కచ్చా కుట్టు బెజ్జాలు. మిషన్ వేసేముందు గుడ్డ జరక్కుండా చేత్తో పొడుగు కుట్లు వేసి, తర్వాత ఆ దారం లాగేయడం మా అందరికీ అలవాటు. మామూలు బట్ట ఒక్కసారి ఉతికితే బెజ్జాలు పూడిపోతాయి. ఈ గుడ్డకి పూడవు. అందుకే సూది ముట్టుకోవద్దని, బట్టల క్లిప్పులే పెట్టమని ఆయన మొదటిరోజే చెప్పారు.

బావగారు కత్తెర తీసుకున్నారు. నలభై కోట్లనీ గుండెల మీద అడ్డంగా కోసేశారు. ఒక్కొక్కటీ, మా అందరి ముందు.

తర్వాత కరుణమ్మ గారి వైపు తిరిగారు. షెడ్డులో అందరికన్నా పెద్దావిడ. నాకు మిషన్ నేర్పింది ఆవిడే. ఆవిడ కొంగుకి సూది గుచ్చి ఉంది, దారంతో సహా.

"మీ చేతులు లేసుకే సరిపోతాయండి. రేపట్నించి రాకండి."

ఆవిడ కళ్ళజోడు పెట్టెలో పెట్టుకున్నారు. నా వైపు ఒక్కసారి చూసి, స్టూలు లోపలికి జరిపి వెళ్ళిపోయారు.

మిగిలిన ఐదు రోజులూ రాత్రింబవళ్ళు కూర్చుని, జారిన క్లిప్పు జారినట్టే మళ్ళీ పెట్టుకుంటూ నూట అరవై కుట్టి ఇచ్చాం. ఒక్కటీ కారలేదు. రేవులో బావగారికి శాలువా కప్పారు. ఆయన మైకులో గుడ్డ గురించి చెప్పారు, డిజైన్ గురించి చెప్పారు. మా పదకొండు మందిలో ఒక్క పేరు కూడా ఆయన నోట రాలేదు.

ఇప్పుడు నా సంగతి.

కచ్చా కుట్టు వేయమన్నది నేను.

ఆ జారుడు గుడ్డ మీద క్లిప్పులు నిలవడం లేదు. వెనకాల స్టాప్‌వాచ్ తిరుగుతోంది. ఆయన వద్దన్నారు కదమ్మా అని కరుణమ్మ గారు అంటూనే ఉన్నారు. ఆయనతో నేను చెప్పుకుంటాలెండి అన్నాను. ఆయన అవతలి మిషన్ల వైపు వెళ్ళినప్పుడల్లా ఆవిడ కచ్చా కుట్టు వేసి ఇచ్చారు.

చెప్పుకోలేదు. ఆ కత్తెర చప్పుడు వింటూ, తల దించుకుని కింద పడ్డ క్లిప్పులు ఏరుకున్నాను.

రెండేళ్ళు అలా గడిపాను. పోయిన నెల ఇక ఉండలేక, అందరూ భోజనానికి వెళ్ళాక బావగారికి చెప్పేశాను. ఆయన చేతిలో పని ఆపలేదు.

"నాకు ఆ రోజే తెలుసమ్మా. నువ్వు ఇంటి మనిషివి. నిన్ను పంపేస్తే తమ్ముడి మొహం ఎలా చూడను?"

అంటే తెలిసే ఆవిడని పంపేశారు. పైగా నన్ను కాపాడాననుకున్నారు. ఆయన ఎన్ని తిట్టినా కలగని అసహ్యం ఆ ఒక్క మాటతో కలిగింది.

ఇద్దరం వెళ్ళి ఆవిడకి చెబుదాం అన్నాను. సీజన్ అవనీ, చూద్దాం అన్నారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ చూద్దాం. మొన్న సాయంత్రం అడిగితే, నీకు వేరే పనేం లేదా అని కసిరి ఫోన్ పెట్టేశారు.

మీరు తప్పించుకున్నారు బావగారూ. మీ వాటా కూడా నా నెత్తిన పెట్టి పోయారు. దీనికి మాత్రం మిమ్మల్ని క్షమించను.

నిన్నటి నుంచి ఏడుపు ఆగడం లేదు. అది మీ కోసమో, నా మీద కోపమో నాకే తెలీదు.

కరుణమ్మ గారి దగ్గర బటన్ల ఫోనే ఉంది. ఈ పోస్ట్ ఆవిడ చూడరు. ఈ సాయంత్రం నేనే వెళ్తున్నాను. మైలలో ఒకరింటికి వెళ్ళకూడదని అందరూ అంటారు. గుమ్మం బయటే నిలబడి చెప్తాను.

వెళ్ళిరండి బావగారూ. మీకు శాంతి దొరకాలి.

నాకు దొరుకుతుందో లేదో ఆవిడే చెప్పాలి.