నేరేడు రంగు చిలకలు

నా డైరీలో ప్రతి పేజీకీ తేదీ, వారం, ఆనాటి ఖర్చు, చివర ఒక వాక్యంలో ఆనాటి అభిప్రాయం ఉంటాయి. అభిప్రాయం లేని రోజు నా జీవితంలో ఇంతవరకు లేదు. మా చెల్లెలి కూతురు ఆ బొమ్మను నా ముందు పరచిన సోమవారం నాడు మాత్రం అభిప్రాయం పేజీ చాలక మంగళవారంలోకి పాకింది.

నిద్రపోతున్న ఒక స్త్రీ ముఖం. ఒక కన్ను మూసి ఉంది. రెండో కన్ను ఉండవలసిన చోట ఓరగా తెరిచిన తలుపు. ఆ తలుపులోంచి చిలకలు బారులు తీరి ఎగిరిపోతున్నాయి. ప్రతి చిలకకూ రెక్కలకు బదులు రెండు అరచేతులు. దీనిని ఒక నల్లటి జీన్స్ జాకెట్ వీపు మీద చేత్తో కుట్టాలి. దానిని తొడుక్కుని కథానాయిక ఒక కల పాటలో కెమెరాకు వీపు చూపిస్తూ నడుస్తుంది.

చెల్లెలి కూతురు ఫిల్మ్‌నగర్‌లో మా ఇంట్లోనే ఉంటూ ఒక కాస్ట్యూమ్ డిజైనర్ దగ్గర అసిస్టెంటుగా పనిచేస్తున్నది. అసిస్టెంటు అనేది హోదా. పని మాత్రం దుస్తులకు ఇస్త్రీ చేయించడం, చీటీలు కట్టడం, ఏ సీన్‌లో ఏ గుండీ ఊడిందో గుర్తుంచుకోవడం. ఆమె గీసిన బొమ్మ తెరమీదికి వెళ్ళే అవకాశం రావడం ఇదే మొదలు. డిజైనర్ మేడం షరతు కూడా పెట్టింది: కెమెరా టెస్ట్‌లో నిలిస్తే ఈ జాకెట్, నిలవకపోతే బంజారా హిల్స్‌లో కొని సిద్ధంగా ఉంచిన మరో జాకెట్.

"మగ్గం వర్క్ వాళ్ళకిస్తే జరీ పోసి పెళ్ళి బ్లౌజు చేసేస్తారు పెద్దమ్మా. దీనికి నీ చెయ్యే పడాలి" అన్నది.

పొగడ్తలకు నేను లొంగను. ఆ సాయంత్రమే సూదుల డబ్బా తీశాను.

నా అర్హతలను ఇక్కడ చెప్పుకోవడం అవసరం. కృష్ణా జిల్లాలోని మిషన్ బడిలో కుట్టుపని క్లాసు టీచరమ్మ స్కేలుతో వేళ్ళమీద కొట్టి నేర్పిన విద్య నాది. ఇప్పటికీ మా చర్చిలో బల్లమీద పరిచే గుడ్డకు లిల్లీ పువ్వులు నేనే కుడతాను. పువ్వులన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి, ఒకే వైపు చూస్తాయి. "సైన్యంలా ఉన్నాయమ్మా" అని ఒకసారి పాస్టరుగారు అన్నారు. దానిని ప్రశంసగానే నమోదు చేసుకున్నాను.

ఇటువంటి చేతికి కల అప్పగించడం ఎంత ప్రమాదమో అప్పుడు ఎవరికీ తోచలేదు. కలనైనా క్రమపద్ధతిలో కుట్టవచ్చునన్నది నా సిద్ధాంతం. ముఖం గీతలకు సన్నని కాడ కుట్టు, జుట్టుకు గొలుసు కుట్టు, చిలకలకు దారాలను పక్కపక్కన ఒత్తుగా పేర్చి నింపే శాటిన్ కుట్టు అని నిర్ణయించి తలుపు దగ్గరికి వచ్చాను.

"తలుపుకు టేకు రంగు వేద్దాం. గడియ ఏ పక్కన రావాలే?"

"కలలో తలుపుకి గడియెందుకు పెద్దమ్మా?"

"గడియ లేకపోతే గాలికి కొట్టుకోదూ?"

ఆమె గడియకు ఒప్పుకున్నది. ముఖానికి వాన ముందటి ఆకాశం రంగు కావాలన్నది. పీనుగ ముఖంలా ఉంటుందని నేను హెచ్చరించి, నా హెచ్చరికను ఆమె విన్నదని రూఢి చేసుకుని, ఒప్పుకున్నాను.

"మిగతా రంగులన్నీ నీ ఇష్టం. చిలకలు మాత్రం నేరేడు రంగు."

"నేరేడు రంగు చిలక ఎక్కడుందే?"

"నాకు అలాగే కనిపించాయి."

మర్నాడు ఆమె మరో సినిమా షూటింగు పనిమీద అరకు వెళ్ళింది. నేను టోలిచౌకి వెళ్ళాను.

దారాల కొట్టులో ట్యూబులైటు రంగులను నమ్మకూడదు. అందుచేత ప్రతి దారపు లడినీ గుమ్మం దాకా తెచ్చి, ఎండలో తిప్పి, లోపలికి వెళ్ళి మరొకటి అడుగుతున్నాను. కొట్టతను చాలాసేపు ఓర్చుకుని, "మేడం, గా దారం కొంటున్నరా, దానికి సంబంధం చూస్తున్నరా?" అన్నాడు. వినిపించుకోలేదు. అప్పటికే నా చేతిలో నేరేడు రంగు లడి ఒకటి, చిలకపచ్చ లడి ఒకటి ఉన్నాయి. రెండింటినీ ఎండలో పక్కపక్కన పెట్టి చూశాను. ఆ పక్షి పేరుతోనే పిలిచే రంగు ఒకటి లోకంలో ఉండగా, దానిని కాదనే అధికారం అసిస్టెంటు డిజైనరుకు ఎక్కడిది? నేరేడు రంగు చిలక సృష్టిలో లేదన్న వాదన తిరుగులేనిదిగా తోచింది. రెక్కల చోట అరచేతులున్న చిలక సృష్టిలో ఉన్నదా అన్న ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. నేరేడు లడిని తిరిగి ఇచ్చేశాను.

టెస్ట్ రోజున ఆమె అరకు నుంచి తిన్నగా స్టూడియోకు వచ్చింది. జాకెట్ నేనే తీసుకువెళ్ళి, షూటింగు జరిగే ఫ్లోర్‌లో, ఆమె భుజాన సంచి ఇంకా దిగకముందే, విప్పి చూపించాను. గొప్పలు కాదు గాని, చిలకల అంచులలో ఎక్కడా ఒక పోగు అటూ ఇటూ కాలేదు.

"ఇవి పచ్చగా ఉన్నాయేంటి పెద్దమ్మా?"

"చిలకలు కదే."

ఆమె నా భుజం మీదుగా వెనక్కి చూసింది. నేనూ తిరిగి చూశాను. గోడ పొడవునా, పైకప్పు నుంచి నేల దాకా, నా చిలకల రంగులోనే ఒక గుడ్డ వేలాడుతున్నది. సెట్ వేయడం మానుకున్నారట. పాట వెనక సముద్రాన్ని కంప్యూటరులో అతికిస్తారట.

ఆ గుడ్డ సంగతి తెలియదని చెప్పే వీలు నాకు లేదు. మా ఎదుటి మేడలో షూటింగు జరిగినప్పుడు అటువంటి గుడ్డే కట్టారు. కర్టెనుకు ఈ రంగు త్వరగా వెలిసిపోతుందని నేను పనిగట్టుకుని కిందికి దిగి సలహా ఇచ్చాను. ఆ రంగు ఎక్కడ కనిపిస్తే అక్కడ తీసేసి వేరే దృశ్యం పెడతామని ఒక యువకుడు ఓపికగా వివరించాడు. ఆ సంగతి కూడా తేదీ వేసి రాసుకున్నాను.

కథానాయికకు బదులుగా నిలబడ్డ అమ్మాయి జాకెట్ తొడుక్కుని వీపు తిప్పింది. మానిటర్ దగ్గరున్న కెమెరా అసిస్టెంటు ముందుకు వంగాడు.

"అక్కా, గిదేంది? చిలకలు యాడికి వోయినయ్? గా పిల్ల వీపుల పొక్కలు వడ్డయ్, పొక్కల్లకెళ్ళి సముద్రం కనవడ్తుంది!"

అందరూ నవ్వారు. చిలకలు నిజంగానే లేవు. గోధుమరంగు దారంతో కుట్టిన అరచేతులు మాత్రం బారుగా మిగిలిపోయి, నా ప్రతిభకు చప్పట్లు కొడుతున్నట్టు అలలమీద తేలుతున్నాయి. పాపం, నేను ఏ రోజూ అందుకోలేని వింత కల, పొరపాటున అక్కడ కుదిరింది.

మేడం నవ్వలేదు. "కాన్సెప్ట్ బాగుంది. బట్ ఇది వర్కవుట్ కాదు. కొన్న జాకెట్ తెప్పించు" అన్నది.

"ప్యాకప్ లోపల మార్చేస్తాం మేడం. ఒక్క ఛాన్స్" అన్నది మా అమ్మాయి.

మేడం వాచీ చూసుకున్నది. "ప్యాకప్ ముందు ఇంకోసారి పెడతా. అంతే."

అమ్మాయి నన్ను ఒక్క మాటా అనకుండా ఆటోలో టోలిచౌకికి పరుగెత్తింది. తిట్టి ఉంటే సమాధానం చెప్పగలిగేదాన్ని. నేను కాస్ట్యూమ్ గదిలో కూర్చుని విప్పడం మొదలుపెట్టాను. ప్రతి దారం కొసనూ తరతరాలు నిలిచేలా ముడి మీద ముడి వేసి ఉంచాను. నా నాణ్యతను నేనే తిట్టుకుంటూ కత్తెర మొనతో ఊడదీశాను.

ఆమె మూడు రకాల నేరేడు తెచ్చింది: ఒకటి ఎర్రన, ఒకటి నీలి, ఒకటి దాదాపు నలుపు. ఏది సరైనదో చెప్పడానికి అలవాటుగా నోరు తెరిచాను.

"ఏది?" అని అడిగాను. గొంతు నాదేనా అని నాకే అనుమానం వచ్చింది.

"మూడూ. ముక్కు దగ్గర ఎర్రది, తోకకొచ్చేసరికి నల్లబడాలి. శాటిన్ వద్దు. పొడుగూ పొట్టీ కుట్లు వెయ్యి, ఈకలు రేగినట్టు."

"ఎగుడుదిగుడుగా నాకు చేతకాదే."

"నాకు చేతనవుతుంది. జరుగు."

జాకెట్‌కు చెరొక వైపు కూర్చుని కుట్టాం. కాసేపటికి ఆమె నావైపు తొంగిచూసి, "నీ చిలకలు డ్రిల్లు చేస్తున్నాయి పెద్దమ్మా" అన్నది.

"నీవి తాగి వచ్చినట్టున్నాయి."

"అదే కావాలి."

నేను సూదిని ఒకచోట పొడవబోయి, ఆ పక్కన పొడిచాను. చిలక కొంచెం కదిలింది.

రెండోసారి మానిటర్‌లో సముద్రం వెనకే ఉండిపోయింది. తలుపులోంచి నేరేడు రంగు చిలకలు అరచేతులు ఆడిస్తూ వెలుపలికి వచ్చాయి. "ఇప్పుడు కిరాక్ ఉందక్కా" అన్నాడు కెమెరా అసిస్టెంటు. మేడం తెరను చాలాసేపు చూసి, ఇటు తిరిగింది.

"చిలకలకి ఈ కలర్ ఎవరి ఐడియా?"

వయసు వల్లనో, చేతిలోని సూది వల్లనో, ఆమె నన్నే చూస్తున్నది. అమ్మాయి నేలను చూస్తున్నది.

"మా అమ్మాయిది" అన్నాను. "నేను వద్దన్నాను."

మేడం తల ఊపి, "రేపు షూట్‌లో నువ్వు మానిటర్ దగ్గర నా పక్కనుండు" అని అమ్మాయితో చెప్పి వెళ్ళిపోయింది. తెరమీద బొమ్మ ఇంకా అలాగే నిలిచి ఉన్నది. వరుసలో చివరి చిలక, అంటే నాది, మెడ దగ్గర కాస్త లావైనట్టు అప్పుడు గమనించి, ఆ విషయం అందరికీ తెలియజేయడానికి గొంతు సవరించుకున్నాను. అమ్మాయి నా మణికట్టు పట్టుకుని తలుపువైపు లాక్కుపోయింది.