ఒకవేళమ్మ మరిచిన సున్నా

మా కోడలికి ఒకవేళమ్మ అని పేరు పెట్టింది నేనే. గుమ్మం దాటాలంటే ఆ పిల్ల ముందు పది ఒకవేళలు దాటాలి. ఒకవేళ వాన వస్తే అని గొడుగు. ఒకవేళ బస్సు రాకపోతే అని ఇంకో బస్సు నంబరు చీటీ మీద. ఒకవేళ తాళంచెవి పోతే అని ఎదురింటి మిషనమ్మ దగ్గర ఒకటి, ఒకవేళ మిషనమ్మ ఇంట్లో లేకపోతే అని నా చేతిసంచిలో ఒకటి. "ఒకవేళ నేనే పోతే?" అని ఒకసారి ఒళ్ళు మండి అడిగాను. దానికీ ఆలోచించింది. చెప్పబోతుంటే నేనే నోరు మూయించాను.

అలాంటి మనిషికి దొరికిన పని కూడా ఒకవేళలదే. కంప్యూటర్లో వెబ్ పేజీలు రాస్తుంది. రాయడమంటే బొమ్మలు పెట్టి రంగులెయ్యడం అనుకునేదాన్ని. కాదట. కంప్యూటరుకి దానంతట దానికి ఏమీ తెలీదట. ఇలా ఉంటే అలా చెయ్యి, లేకపోతే ఇంకోలా చెయ్యి అని ముందే రాసిపెట్టాలట. జనం నింపినవన్నీ పేర్లు పెట్టిన డబ్బాల్లో వేసుకుంటుంది. పేరు ఒక డబ్బా, ఫోను ఒక డబ్బా, వయసు ఒక డబ్బా. పంచదార అని రాసిన డబ్బాలో ఉప్పు పోస్తే ఏం చేస్తుందని అడిగాను. టీలో ఉప్పే వేస్తుంది, రుచి చూసే నాలుక దానికి లేదు అంది. అంతటితో నాకు అర్థమైంది. నేను చదివింది రెండో తరగతి. జనాభా లెక్కలాయన ఒకప్పుడు మా గుమ్మంలో నిలబడి నా పేరు పక్కన "చదువు లేదు" అని రాసుకుంటే, అది కొట్టేయించి "రెండు" అని వేయించేదాకా కదలనివ్వలేదు. లేకపోవడం వేరు, కొంచెమే ఉండడం వేరు.

పిల్ల పుట్టాక తొమ్మిదేళ్ళు ఉద్యోగం మానేసింది కోడలు. మళ్ళీ వెతుక్కుంటే వెళ్ళిన ప్రతిచోటా ఒకటే ప్రశ్న, ఈ తొమ్మిదేళ్ళూ ఏం చేశారని. ఏమీ లేదండీ అని చెప్పి వచ్చేది. ఒకరోజు కూర్చోబెట్టి కడిగేశాను. పిల్లని పెంచావు, గోడౌన్లో రాత్రి షిఫ్టులు చేసే మొగుడికి వేళకాని వేళ తిండి పెట్టావు, అన్నిటికీ మించి నన్ను భరించావు, ఏమీ లేదంటావేమే అన్నాను. తర్వాతి చోట ఏం చెప్పిందో తెలీదుగానీ తీసుకున్నారు. మూడు నెలలు చూస్తాం, నచ్చితే ఉంచుకుంటాం అన్నారు.

ఆ మూడు నెలల్లో దాని చేతికి వచ్చిన పెద్ద పని నర్సుల పేజీ. ఇల్లు కదల్లేని ముసలివాళ్ళు అందులో పేరు రాసుకుంటే నర్సు ఇంటికే వచ్చి చూసి వెళ్తుంది. పేరు, ఫోను, చిరునామా, జబ్బులు, ఆఖర్న ఒక గడి: మీతోపాటు ఇంట్లో ఎంతమంది ఉంటారు. మనుషులున్న ఇంటికి నర్సు నెలకోసారి. ఎవరూ లేనివాళ్ళ దగ్గరికి వారానికోసారి. మొత్తం తనే రాసింది. పేజీ జనానికి తెరిచిన రోజున మా నలుగురికీ టీ పెట్టి, తన గ్లాసు కడగడం మరిచిపోయి, అదే గ్లాసులో మళ్ళీ పోసుకుంది. సంతోషం వచ్చినా దానికి నిలకడ ఉండదు.

పదహారు రోజులు గడిచాయి. మంగళవారం పొద్దున టీమ్ లీడరు ఫోను చేసింది. నర్సులు మూడువందల ఇళ్ళకి వెళ్ళారట. అందులో ఒంటరిగా ఉండే మనిషి ఒక్కరూ లేరట. ఇంత ఊళ్ళో ఒంటరివాళ్ళే లేరా, పేజీలో ఏదో తేడా ఉంది, శుక్రవారంలోగా కనిపెట్టండి, లేదంటే ఇంకొకరికి అప్పగిస్తాం అంది. ఆ శుక్రవారానికే మూడు నెలలు నిండుతాయి. అప్పగిస్తాం అంటే పేజీ ఒక్కటే కాదని మా ఇంట్లో తొమ్మిదేళ్ళ పిల్లకి కూడా అర్థమైంది.

ఆ రోజు నుంచి ఇల్లు కాలు కాలిన పిల్లి తిరిగే చోటయింది. దాని పనిగది అంటే గది కాదు, బీరువాకీ ఇస్త్రీ బల్లకీ మధ్య ఒక కుర్చీ పట్టే సందు. అందులోంచి లేచి బాల్కనీలోకి, బాల్కనీలోంచి వంటింట్లోకి, వంటింట్లో కుళాయి తిప్పి నీళ్ళు పట్టుకోకుండానే మళ్ళీ సందులోకి. పాలు రెండుసార్లు పొంగిపోయాయి. పేరు మార్చి రాసేది, వయసు మార్చి రాసేది, నొక్కేది. పేజీ ధన్యవాదాలు చెప్పేది. బాగానే ఉంది కదా అని నేనంటే, అదే భయంగా ఉంది అత్తయ్యా అనేది. బుధవారం అన్నం కలుపుకుంటూ మధ్యలో లేచి వెళ్ళి, ఎంగిలి చేత్తో ఏదో చూసి వచ్చింది. తిట్టాలని నోటిదాకా వచ్చింది. కళ్ళు చూసి మింగేశాను.

గురువారం మధ్యాహ్నానికి ఇక ఆ చెప్పుల చప్పుడు వినలేక, చిరిగిన దిండుగలీబు ఒకటి సాకుగా పట్టుకుని ఎదురింటికి పోయాను. మిషనమ్మ నలభై ఏళ్ళుగా బట్టలు కుడుతుంది. ఒకటే గది, ఒకటే కిటికీ, కిటికీ కింద మిషను. మొన్నామధ్య తల తిరిగి ఆ మిషను మీదే వాలిపోయింది. మాటల్లో, నర్సు పేజీలో పేరు రాసుకోకూడదా అన్నాను.

"రాశాను వదినా. మహా మొండి పేజీ అది. ఇంట్లో ఎంతమంది అంటే సున్నా వేశాను. ఎర్రక్షరాలతో ఈ గడి నింపండి అంది. నింపాను తల్లీ అని మళ్ళీ వేశాను. మళ్ళీ నింపమంది. ఏడుసార్లు వేయించింది నాతో. నాకెవరూ లేరని ఒక్కసారి చెప్పుకోడమే ఎక్కువ, ఏడుసార్లేంటి? విసుగొచ్చి ఒకటి వేశా. వెంటనే ధన్యవాదాలంది. నర్సింకా రాలేదనుకో."

"ఆ ఒకటి ఎవరు?"

సూదిలోకి దారం ఎక్కిస్తూ గడ్డంతోనే కిటికీ వైపు చూపించింది. కిటికీలో పిల్లి ఒళ్ళు నాక్కుంటోంది.

నవ్వాను. నవ్వు సగంలో ఆగిపోయింది. ఆ పేజీ రాసింది మా కోడలే అన్నాను. మిషనమ్మ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "అనుకున్నా. ఆ మొండితనం ఎక్కడో చూసినట్టే ఉంది, నీ ఇంటిదేనా" అంది. జవాబు చెప్పే తీరిక లేదు నాకు. గలీబు అక్కడే వదిలేసి వచ్చేశాను.

కోడలు బీరువాకి ఆనుకుని నిలబడి గోళ్ళు కొరుకుతోంది.

"నీ పేజీకి సున్నా అంటే తెలుసా?" అన్నాను.

"తెలియకేం అత్తయ్యా" అంది. అని, అలాగే ఆగిపోయింది. తర్వాత కుర్చీలో కూర్చోలేదు, దాదాపు పడింది. అక్షరాలు గబగబా కిందకి జరిపి ఒక వరస మీద వేలు పెట్టింది.

అక్కడ రాసింది నాకు తెలుగులో చదివి చెప్పింది. ఒకవేళ మంది ఉంటే ముందుకి పంపు, లేకపోతే గడి నింపమని చెప్పు. మంది అన్నది డబ్బా పేరు. గడిలో ఏమైనా రాశారా అని అడగడం దాని ఉద్దేశం. కానీ రాసింది మంది ఉన్నారా అని. డబ్బాలో సున్నా ఉన్నా, డబ్బా ఉత్తిదే అయినా, ఆ భాషకి రెండూ ఒకటేనట. రెండిటినీ లేదు అనే వైపుకే తోసేస్తుందట. రెండో తరగతిని చదువు లేదని రాసుకున్న పెద్దమనిషి చివరికి ఇందులో వచ్చి కూర్చున్నాడన్నమాట.

"ఇన్నిసార్లు నొక్కి చూశావు, నీకెలా తగల్లేదే?"

అది నా మొహం చూడలేదు. "ప్రతిసారీ మూడు వేశాను. ఆయన, పాప, మీరు. పేర్లు మార్చాను, వయసులు మార్చాను. మూడు మార్చాలని తట్టలేదు."

వెయ్యి ఒకవేళలు తెలిసిన మనిషికి ఒక్కటి తెలీలేదు. ఒకవేళ ఎవరూ లేకపోతే. మేమంతా దాని చుట్టూ ఇరుక్కుని కూర్చుంటే ఎలా తెలుస్తుంది?

బాగుచెయ్యడానికి టీ మరిగినంతసేపు కూడా పట్టలేదు. ముందు డబ్బా ఉత్తిదా అని అడుగు, కాకపోతే అందులో ఉన్నదేదైనా తీసుకో, అది సున్నా అయినా సరే అని మార్చింది. సున్నా వేసి నొక్కింది. ధన్యవాదాలంది పేజీ. నేను హమ్మయ్య అని మంచం మీద వాలబోతే అది మళ్ళీ లేచి నడవడం మొదలుపెట్టింది.

అప్పుడే నిద్రలేచిన మా అబ్బాయి సంగతి విని, బాగైందని చెప్పు చాలు, తప్పెవరిదని ఎవరడిగారు అన్నాడు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను. అడగని మాట చెప్పకపోతే అబద్ధమవుతుందా? మర్నాడు దాటితే ఉద్యోగం నిలుస్తుంది. కోడలు నన్ను కంప్యూటరు దగ్గరికి పిలిచింది. తిప్పి పంపినవాటి ఆనవాళ్ళు లోపల ఎక్కడో దాస్తుందట అది. నలభైమూడు ఫోను నంబర్లు. ఒక్కొక్క నంబరు పక్కన ఎన్నిసార్లు నొక్కారో. నాలుగు, ఆరు, తొమ్మిది. ఒకచోట పధ్నాలుగు. ఆ తర్వాత ఎవరూ నొక్కలేదు.

"వీళ్ళకి ఫోను చెయ్యాలి అత్తయ్యా. చెయ్యాలంటే ఎందుకు చేస్తున్నామో ఆఫీసులో చెప్పాలి. బాగైపోయింది అని ఊరుకుంటే వీళ్ళు ఇలాగే ఉండిపోతారు."

మా అబ్బాయి ఏదో అనబోయాడు. నేను వాడి మొహంకేసి చూశాను. వాడికి ఆ చూపు చిన్నప్పటి నుంచీ తెలుసు.

కోడలు టీమ్ లీడరుకి ఫోను చేసి, తప్పు నాదేనని, ఫలానా వరసలో ఫలానాది రాశానని, నలభైమూడు మంది వెనక్కి పోయారని, ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది. ఆవిడ పొద్దున్నే ఆఫీసుకి రండి అన్నదొకటే.

శుక్రవారం గొడుగు మరిచిపోయి వెళ్ళింది. పెళ్ళయ్యాక అదే మొదటిసారి. అది వచ్చేదాకా నేను చేసిన పనులు చెబితే సిగ్గుచేటు. కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. సాయంత్రం వచ్చింది. తీసెయ్యలేదట, ఉంచుకోనూ లేదట. ఇంకో మూడు నెలలు చూస్తారట. నలభైమూడు మందికీ తనే ఫోను చెయ్యాలట. అదేం ఉద్యోగమే, గడప మీద నిలబెట్టి లోపలికి రమ్మనరు, బయటికి పొమ్మనరు అన్నాను. అప్పటికే ఆఫీసులో కూర్చుని నలభైరెండు మందితో మాట్లాడి వచ్చింది. తొమ్మిదిసార్లు నొక్కినావిడ, "ఇప్పటికైనా నమ్మారా" అందట.

బట్టలైనా మార్చుకోకుండా ఎదురింటికి నడిచింది. పిన్నీ, మీ ఒకటి తీసేసి నేనే సున్నా వేసేస్తాను, మీరు మళ్ళీ వెయ్యక్కర్లేదు అంది. మిషనమ్మ ఫోను లాక్కుంది. "ఇలా తే. ఏడుసార్లు వేసినదాన్ని, ఎనిమిదోసారికి చెయ్యి అరిగిపోతుందా?" వేసింది, నొక్కింది, చూసింది. "ఈసారి మారుమాట్లాడలేదు" అని మిషను తొక్కుకోసాగింది. పిల్లిని తీసేసినందుకు దాని వైపు మాత్రం చూడలేదు.

ఆ నలభైమూడింటిలో మిగిలింది ఒక నంబరు. పధ్నాలుగుసార్లు నొక్కిన మనిషి. ఎన్నిసార్లు చేసినా ఎత్తడం లేదు. ఆ రాత్రి దానికీ నాకూ నిద్ర లేదు. ఒకవేళ అని అది మొదలుపెడుతుంది, అనకే అని నేనంటాను. నంబరుతోపాటు నింపిన చిరునామా ఉంది కదా అని శనివారం పొద్దున్నే ఇద్దరం బస్సెక్కాం. గొడుగు ఈసారి నేను పట్టుకున్నాను.

మూడో అంతస్తు. గంట కొడితే లోపల చాలాసేపు ఏమీ లేదు. కోడలు నా మోచెయ్యి పట్టుకుంది, నొప్పి పుట్టేలా. అప్పుడు కర్ర చప్పుడైంది. సన్నటి పెద్దాయన తలుపు తీశాడు. ఫోను ఎందుకెత్తడం లేదండీ అని నేనే దబాయించాను.

"అది పాడైపోయిందమ్మా. ఎన్నిసార్లు చెప్పినా వినదు. సొరుగులో పడేశాను."

"ఫోను బాగానే ఉందండీ" అంది కోడలు. "ఆ పేజీ నేను రాసిందే. తప్పు నాది. మీరు సరిగ్గానే రాశారు."

ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు. మా వెనక మెట్ల మీద ఇంకెవరైనా ఉన్నారేమోనని చూశాడు.

"లోపలికి రండి. కుర్చీ ఒకటే ఉంది మరి" అన్నాడు.

కుర్చీలో నేను కూర్చున్నాను. ఆయన మంచం అంచున కూర్చుని సొరుగులోంచి ఫోను తీశాడు. మా కోడలు నిలబడే ఉంది. అది ఎలాగూ కూర్చునే రకం కాదు.