నూకమ్మ పెడితేనే తిన్నారు

ఆ రోజు అవతలి ఒడ్డున బాంబూఫ్లాట్‌లోని మా చెల్లెలి ఇంటి నుంచి తిరిగొస్తున్నాం. చాతంలో ఫెర్రీ దిగగానే మావారు ఆగిపోయి, "ఇది ఏ ఊరు?" అని అడిగారు. ఆయన ఉద్యోగమంతా అక్కడి రంపపుమిల్లు ఆఫీసులోనే గడిచింది. వేళాకోళం అనుకున్నాను. జంగ్లీఘాట్‌లో మా వీధిలోకి వచ్చాక కూడా ఇల్లు ఎటో ఆయనకు తెలియలేదు.

బ్లడ్ టెస్టులు, ఎమ్మారై అయ్యాక డాక్టరుగారు చెప్పారు: "అల్జీమర్స్ అమ్మా. పూర్తిగా నయం చేసే మందు లేదు. కొన్నాళ్లు కాస్త తేలిగ్గా ఉంచగలం." డోనెపెజిల్ మాత్ర మొదలుపెట్టగానే వాంతులయ్యాయి. డోసు తగ్గించి, మెల్లగా పెంచారు.

తర్వాత ఏడాదికి ఆయన నోట హిందీ పోయింది. చిన్ననాటి శ్రీకాకుళం తెలుగే మిగిలింది. నేను ఈ దీవుల్లోనే పుట్టినదాన్ని, ఇక్కడ బయటంతా హిందీయే, నా తెలుగూ సగం హిందీ. "థోడా తినండి జీ" అంటే మొహం తిప్పుకునేవారు. సాయానికి పెట్టుకున్న నూకమ్మ శ్రీకాకుళం జాలర్ల ఇంటి మనిషి. "తాతా, బువ్వ సల్లారిపోతంది, బేగి రా" అంటే చాలు, వచ్చి కూర్చునేవారు. ఆమెను చనిపోయిన తన అక్క అనుకుంటున్నారని నాకు తెలుసు. తెలిసీ కుళ్లుకున్నాను. కూర నేను వండితే, బాగుందని ఆమెతో చెప్పేవారు. ఒక సాయంత్రం ఆమె చెయ్యి పట్టుకుని, "ఎల్లిపోకప్పా" అన్నారు. అప్ప అంటే వాళ్ల వైపు అక్క. పెళ్లయిన ఇన్నేళ్లలో నన్ను ఉండమని ఎన్నడూ అడగలేదు.

"ఇక నేనే చూసుకుంటా, రేపట్నుంచి రావద్దు" అని ఆమెను పంపేశాను.

ఆయన నా చేతి ముద్ద ముట్టలేదు. నీళ్లు తాగలేదు. యూరిన్ ఇన్ఫెక్షన్‌తో అడ్మిట్ చేయాల్సి వచ్చింది. నూకమ్మ సంగతి చెబితే డాక్టరుగారు, "ఆమె దగ్గర భయం లేకుండా ఉన్నారు కదా, అదీ ట్రీట్‌మెంటే" అన్నారు.

నూకమ్మ ఇంటికి వెళ్లాను. "నీ మీద కుళ్లుతో పంపేశాను" అన్నాను.

"తెలుసమ్మా" అంది, వలలు పక్కకు జరిపి నాకు చోటిస్తూ. "తాతెలాగున్నాడు?"

నూకమ్మ మళ్లీ వస్తోంది; ఆయన స్నానం, భోజనం ఇప్పుడు ఆమే చూసుకుంటుంది. కుళ్లు పూర్తిగా పోలేదు. వాళ్లిద్దరూ నవ్వుకుంటుంటే ఇప్పటికీ వంటింట్లో గిన్నెలు గట్టిగా పెడతాను. మధ్యాహ్నాలు మాత్రం నావి. తల దువ్వుతుంటే కళ్లు మూసుకుంటారు. మొన్న నన్ను, "నీకెవులూ లేరా?" అని అడిగారు. "ఉన్నారండీ, మావారున్నారు" అన్నాను. "మంచోడేనా?" అన్నారు. అవునన్నాను.

మీ ఇంట్లో ఈ జబ్బు ఉంటే, "నేనెవరో చెప్పండి" అని పరీక్ష పెట్టకండి. మీ పేరు మీరే చెప్పి పక్కన కూర్చోండి.